తాళం ఎవరిని చూసి వేస్తున్నాం?



కొద్ది వారాల క్రితం ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక గుడి ఆవరణలో జనం ఇంకా మాట్లాడుకుంటూ ఉండగా ఒక పెద్దావిడ నన్ను ప్రక్కకు పిలిచింది. ఆమె చిన్న కుమారుడు అమెరికాలో డాక్టరు. పెద్దవాడు ఊళ్లోనే వ్యవసాయం చేస్తున్నాడు. కుమార్తెను పొరుగూరు ఇచ్చారు. భర్త చనిపోయి ఎనిమిదేళ్లయింది.

"ఫాదర్ గారూ, మా చిన్నోడు ఫోను చేశాడండి. అక్కడి లాయరు గారు ఉన్నదంతా ఏదో ట్రస్టులో పెట్టమంటున్నాడంట. రేపు ఎవరు కేసు వేసినా పైసా కూడా ముట్టుకోలేరంట. ఇక్కడ వాడి పేరనున్న నాలుగెకరాలు కూడా వాళ్లన్న పేర మార్చేస్తానంటున్నాడు. ఇందులో పాపం ఏమన్నా ఉందా అండీ?" అని అడిగింది.

"ఆలోచించి వచ్చే ఆదివారం చెబుతానమ్మా" అన్నాను. ఆమె నవ్వి, "మీరు కూడా కోర్టువారిలాగే వాయిదా వేస్తున్నారే" అన్నది. ఆ వాయిదాకు జవాబే ఈ వ్యాసం. ఆమె ఒక్కరి కోసమే కాదు. ఈనాడు మన విచారణల్లో విదేశాల్లో బిడ్డలు లేని వీధి అరుదు. కువైటులో ఇంటి పనికి వెళ్లిన తల్లి మొదలుకొని, టెక్సాసులో ఇల్లు కొన్న ఇంజనీరు వరకు అందరికీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంది. సంపాదించిన దానిని చట్టం సహాయంతో కాపాడుకోవటం ధర్మమా? ధర్మమే అయితే ఎంతవరకు?

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. ఆస్తిని కాపాడుకోవటమే స్వార్థమని, నిజమైన విశ్వాసి అన్నీ దేవునికి వదిలి ఊరుకోవాలని కొందరు అనుకుంటారు. శ్రీసభ అలా బోధించలేదు. కష్టపడి సంపాదించినది తనదిగా ఉంచుకొని, దానిని బిడ్డలకు అందించే హక్కు పనివానికి ఉన్నదని పదమూడవ లియో పోపుగారు 1891లో వెలువరించిన విశ్వలేఖలో గట్టిగా చెప్పారు. ఆయనకు ఆరు వందల ఏళ్లకు పూర్వమే పునీత తోమాసు అక్వినాసు మరో మాట చేర్చాడు. వస్తువులను సంపాదించి నిర్వహించే అధికారం ఒక్కొక్కరికి విడివిడిగా ఉండవచ్చు, కాని వాటిని వాడుకొనేటప్పుడు అవసరంలో ఉన్నవారితో పంచుకొనే మనసు ఉండాలన్నది ఆయన బోధ. ఈ రెండు మాటలనూ కలిపి పట్టుకుంటే త్రోవ తప్పం.

పవిత్ర గ్రంథంలోని తోబీతు కథ మీకు తెలిసినదే. ఆయన నీనెవె నగరంలో ప్రవాసి. అంటే ఈనాటి మన పిల్లలవలె పరదేశంలో ఉద్యోగం చేసుకొని బ్రతికినవాడు. రాజుగారి కొనుగోళ్ల పనిమీద మాదియా దేశం వెళ్లినప్పుడు, గబాయేలు అనే బంధువు దగ్గర పది తలాంతుల వెండిని దాచిపెట్టాడు. ఆ తరువాత రాజు మారాడు, దారులు ప్రమాదకరమయ్యాయి, తోబీతు చూపు పోయింది, ఇల్లు పేదదైపోయింది. ఇరవై ఏళ్ల తరువాత ఆ సొమ్ము గుర్తుకు వచ్చి కుమారుణ్ణి పంపాడు. అప్పుడు కుమారునికి ఒక విషయం చెబుతాడు. వారిద్దరూ పత్రం వ్రాసుకొని, దానిని రెండుగా చేసి చెరొక సగం ఉంచుకున్నారట. దేవునిపై అంత భక్తి గలవాడు, బంధువుపై అంత నమ్మకం గలవాడు కూడా కాగితం వ్రాయించుకున్నాడు! గబాయేలు ఇరవై ఏళ్ల తరువాత సంచులను ముద్రలు చెదరకుండా తెచ్చి లెక్కపెట్టి ఇచ్చాడు. నమ్మకం ఉన్నచోట కాగితం అవమానం కాదని, కాగితం ఉన్నచోట కూడా నమ్మకమే అసలు పెట్టుబడి అని ఈ కథ చెబుతున్నది.

కువైటులో పనిచేసే ఆడబిడ్డల సంగతి తీసుకోండి. ఇతరుల ఇళ్లలో పగలూ రాత్రీ చాకిరీ చేసి, నెల నెలా జీతం ఇంటికి పంపుతారు. ఆ డబ్బుతో ఇక్కడ ఇళ్ల స్థలం కొంటారు, ఇల్లు కడతారు. దస్తావేజు మాత్రం భర్త పేరనో, మరిది పేరనో, అన్న పేరనో ఉంటుంది. పది, పదిహేనేళ్ల తరువాత ఆరోగ్యం పాడై తిరిగి వచ్చిన తల్లికి తాను కట్టిన ఇంట్లోనే వరండాలో మంచం వేసిన సందర్భాలు నేను చూశాను. అటువంటి తల్లి తన పేరున ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరచి, స్థలం తన పేరున రిజిస్టరు చేయించుకుంటే అది స్వార్థం కాదు, న్యాయం. ఆమె చెమటకు చట్టం కాపలా కాయాలి. విదేశాల్లో ఉన్న భారత పౌరులు ఇక్కడ ఇల్లు, ఇళ్ల స్థలం కొనుక్కోవటానికి మన చట్టం అనుమతిస్తూనే ఉన్నది.

అలాగే తాళం వేసిన ఇల్లు, బీడుపడిన పొలం ఇతరుల కంట్లో పడుతుందన్నదీ నిజమే. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, యజమాని హక్కును కాదని బహిరంగంగా పన్నెండేళ్లపాటు స్థలాన్ని ఆక్రమించుకొని ఉన్నవాడు, ఆ తరువాత అది తనదే అనవచ్చు. మనం దయతో కాపలాకు పెట్టినవాడు ఎన్నేళ్లున్నా యజమాని కాలేడు. కాని "దయతో పెట్టాను" అనటానికి కాగితం ఉండాలి. ఏటా ఇ.సి. తీసి చూసుకోవటం, పన్ను కట్టిన రసీదులు దాచుకోవటం, కౌలు ఒప్పందం వ్రాసుకోవటం మొదలైనవన్నీ మంచి గృహస్థుని లక్షణాలు.

అయితే ట్రస్టు సంగతేమిటి? ఈ పేరు వినగానే మనకు కోటీశ్వరుల వ్యవహారమనిపిస్తుంది. దాని పుట్టుక వింటే ఆశ్చర్యపోతారు. మధ్యయుగాల ఇంగ్లండులో దూరదేశ యుద్ధయాత్రలకు వెళ్లేవారు "నేను వచ్చేదాకా నా భార్యాబిడ్డల కోసం ఈ భూమి చూడు" అని మిత్రుని పేర భూమి వ్రాసి వెళ్లేవారని చెబుతారు. 1224లో ఇంగ్లండు చేరిన ఫ్రాన్సిస్కను సన్యాసులకు ఆస్తి ఉండకూడదన్న నియమం ఉంది. కాబట్టి వారు తలదాచుకొనే ఇళ్లను పట్టణ ప్రజలు తమ పేర ఉంచుకొని, వారి వాడకానికి ఇచ్చారు. పేరు ఒకరిది, ఫలం మరొకరిది. మరి పేరున్నవాడు మోసం చేస్తే? మామూలు కోర్టు పేరు మాత్రమే చూసేది. అప్పుడు బాధితులు రాజుగారి ఛాన్సలరును ఆశ్రయించేవారు. ఆ కాలంలో ఛాన్సలర్లు చాలావరకు పీఠాధిపతులు, గురువులు. వారు దస్తావేజును మాత్రమే చూడక, "నీ మనస్సాక్షి ఏమంటున్నది?" అని అడిగి, మాట ఇచ్చినవాణ్ణి మాటకు కట్టుబడేటట్లు చేసేవారు. 1529లో ఆ పదవిని చేపట్టిన పునీత థామస్ మోర్ కూడా ఆ మనస్సాక్షి న్యాయస్థానానికి అధిపతిగా పనిచేసినవాడే. అంటే దూరదేశం వెళ్లేవాడి అవసరంలోనుంచి, మనస్సాక్షి తీర్పులోనుంచి పెరిగినది ట్రస్టు. మన దేశంలో 1882 నుంచి దీనికి ప్రత్యేక చట్టం ఉన్నది.

కాబట్టి అమ్మా, ట్రస్టు అనే మాటలో పాపం లేదు. చిన్నబిడ్డలను వదిలి తల్లిదండ్రులు హఠాత్తుగా పోతే వారి చదువుకు డబ్బు ఉండాలని, మతిస్థిమితం లేని తమ్ముని పోషణ ఆగకూడదని, మరణానంతరం ఆస్తి నెలల తరబడి కోర్టులో చిక్కుకోకూడదని ట్రస్టు వ్రాసేవారు మంచిపనే చేస్తున్నారు. అమెరికాలో చాలా కుటుంబాలు వ్రాసుకొనే, ఎప్పుడైనా రద్దు చేసుకొనే వీలున్న ట్రస్టు ఈ చివరి పనికే ఉపయోగపడుతుంది. వ్రాసినవాడు బ్రతికి ఉండగా అప్పులవాళ్లనుంచి అది సాధారణంగా రక్షణ ఇవ్వదు. "పైసా కూడా ముట్టుకోలేరు" అని ఎవరైనా చెబితే, ఏ ట్రస్టు గురించి చెబుతున్నారో మళ్లీ అడగమని మీ అబ్బాయికి చెప్పండి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇంటికి తాళం వేయటం మంచిదే. కాని ఆ తాళం ఎవరిని చూసి వేస్తున్నాం? దొంగను చూసి వేస్తే అది జాగ్రత్త. మనం బాకీపడ్డవాణ్ణి చూసి వేస్తే? అప్పుడు తాళం లోపలున్నవాడే దొంగ అవుతాడు.

1601లో ఇంగ్లండులో ఒక వ్యాజ్యం నడిచింది. పియర్సు అనే రైతు ట్వైను అనే వానికి 400 పౌండ్లు, మరొకరికి 200 పౌండ్లు బాకీ. రెండవవాడు దావా వేయగానే, పియర్సు తన ఆస్తినంతా రహస్యంగా ట్వైను పేర వ్రాసేశాడు. కాగితం మీద గొర్రెలు ట్వైనువి. కాని మందలో ఉన్నది పియర్సు దగ్గరే. ఉన్ని కత్తిరించుకొన్నది పియర్సే. వాటిమీద వేసిన గుర్తు కూడా పియర్సుదే. ఇది మోసమని న్యాయస్థానం తేల్చింది. అప్పులవాళ్లను ఎగగొట్టటానికి చేసే బదిలీలు చెల్లవని 1571లోనే అక్కడ చట్టం వచ్చింది. ఆ ధర్మమే 1882 నాటి మన ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షనులో ఉన్నది. అప్పులవాళ్లను ఎగగొట్టే, లేక జాప్యం చేసే ఉద్దేశంతో స్థిరాస్తిని బదిలీ చేస్తే, అట్లా నష్టపోయిన అప్పులవాడు కోరితే ఆ బదిలీ రద్దవుతుంది. నిజాయితీగా డబ్బిచ్చి కొన్నవానికి మాత్రం రక్షణ ఉంది.

నాలుగు వందల ఏళ్లు గడచినా ఆ గొర్రెలు మన ఊళ్లలో ఇంకా మేస్తూనే ఉన్నాయి. ఊళ్లో చీటీలు నడిపి, ప్రామిసరీ నోట్ల మీద అప్పులు చేసి, ఇల్లు భార్య పేర, పొలం బావమరిది పేర దాన దస్తావేజు వ్రాసి, విమానం ఎక్కినవారి సంగతి మీలో చాలామందికి తెలుసు. తరువాత "ఐ.పి. పెట్టాడంట" అన్న మాట మెల్లగా ఊరంతా పాకుతుంది. దివాలా అర్జీకి ముందు రెండేళ్లలోపు, నిజమైన ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీలను రద్దు చేయటానికి 1920 నాటి దివాలా చట్టం వీలు కల్పిస్తున్నది. కాని పొగాకు బేరన్ దగ్గర ఆకు గుచ్చి, కూతురి పెళ్లికని నెలకు కొంత చీటీ కట్టిన విధవరాలు ఏ కోర్టుకు వెళ్లగలదు? లాయరుకు ఏమిచ్చుకోగలదు? చట్టం ఆమె పక్షాన ఉన్నా ఆమె చేతికి అందదు. అటువంటప్పుడు "కోర్టులో కేసు లేదు గనుక నేను నిర్దోషిని" అనుకోవటం ఎంత పొరపాటు! పౌరచట్టం అడ్డుచెప్పకపోయినా, ఇతరుల సొమ్మును అన్యాయంగా తీసుకోవటం, ఉంచుకోవటం ఏడవ ఆజ్ఞకు విరుద్ధమని 1992లో వెలువడిన కథోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2409వ పేరాలో స్పష్టంగా ఉన్నది.

క్రీస్తు ప్రభువు కూడా ఇటువంటి చట్టబద్ధమైన ఏర్పాటును ఒకదానిని ఖండించారు. మార్కు సువార్త 7వ అధ్యాయం తెరచి చూడండి. తల్లిదండ్రులకు సహాయంగా ఇవ్వవలసిన సొమ్మును "కొర్బాను" అని ప్రకటిస్తే, అంటే దేవునికి అర్పితమని అంటే, ఇక ఆ సొమ్మును తల్లిదండ్రులు అడగటానికి వీల్లేదని ఆనాటి సంప్రదాయం. రూపంలో దానికి వంక పెట్టలేం. అది దేవుని పేరు మీద ఉన్న ఏర్పాటు! అయినా ప్రభువు దాని వెనుక నిలబడిన ముసలి తల్లినీ తండ్రినీ చూశారు. కాగితం ఎంత పవిత్రంగా ఉన్నా, దాని వల్ల ఎవరి కంచంలో అన్నం తగ్గిందో చూడటం ఆయన పద్ధతి.

ఇక్కడ మీలో ఒకరు అడగవచ్చు: "ఫాదర్ గారూ, అబద్ధపు కేసులు వేసేవాళ్లు లేరా? వైద్యంలో ఒక్క పొరపాటు జరిగితే ముప్ఫై ఏళ్ల కష్టార్జితం పోగొట్టుకొని, పిల్లలను వీధిలో నిలబెట్టాలా?" ఇది న్యాయమైన ప్రశ్నే. బిడ్డల తలపైనున్న కప్పును కాపాడాలన్నది దేవుని ధర్మశాస్త్రంలోనే ఉన్నది. బాకీకి తాకట్టుగా తిరుగటి రాయిని పట్టుకుపోరాదని, పేదవాని దుప్పటిని రాత్రికి తిరిగి ఇచ్చివేయాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తున్నది. మన సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను కూడా కట్టుబట్టలను, వంటపాత్రలను, చేతివృత్తివాని పనిముట్లను, రైతు అరకను, అతడు నివసించే ఇంటిని జప్తు చేయరాదంటుంది. అమెరికాలో 401(కె) వంటి పదవీ విరమణ నిధులకు 1974 నాటి చట్టం రక్షణ ఇస్తున్నది. మన దేశంలో పెళ్లయిన పురుషుడు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం క్రింద, భార్యాబిడ్డల మేలుకోసమని పాలసీలోనే వ్రాయించి జీవిత బీమా తీసుకుంటే, ఆ సొమ్ము అతని అప్పులవాళ్లకు చిక్కదు. అయితే అదే సెక్షను, అప్పులవాళ్లను మోసగించాలని తీసుకున్న పాలసీ అయితే వారి హక్కు పోదని కూడా చెబుతున్నది. చూశారా, చట్టం తానే ఒక హద్దు గీసింది. బ్రతుకుదెరువును కాపాడింది, మోసాన్ని కాపాడలేదు.

మరో తేడా కూడా గమనించాలి. కంపెనీ పెట్టి వ్యాపారం చేసేవాడికి అప్పిచ్చే బ్యాంకుకు, నష్టం వస్తే కంపెనీ ఆస్తివరకే తన హక్కు అని ముందే తెలుసు. తెలిసే ఇచ్చింది, దానికి తగిన వడ్డీ తీసుకుంది. అందులో మోసం లేదు. కాని డాక్టరు చేతిలో పొరపాటున కాలు పోగొట్టుకున్న రోగికి ఆ డాక్టరు ఆస్తి ఏ ట్రస్టులో ఉందో తెలియదు. అద్దె ఇంట్లో మెట్టు విరిగి పడ్డ బిడ్డకు ఆ ఇల్లు ఏ ఎల్.ఎల్.సి. పేరనుందో తెలియదు. వాళ్లు ఏ ఒప్పందం చేసుకోలేదు, ఏ వడ్డీ తీసుకోలేదు. అటువంటివారి పట్ల మన బాధ్యత ట్రస్టు పత్రంతో తీరదు. దానికి తగిన మార్గం ఉంది. చాలినంత బీమా తీసుకోవటం. వృత్తి బీమా, ఇంటి బీమా సరిగా ఉంచుకొని, దానిపైన మిగిలినదాన్ని చట్టబద్ధంగా కాపాడుకొనేవాడు తననూ కాపాడుకొన్నాడు, గాయపడ్డవానినీ మరచిపోలేదు. బీమా ఖర్చు తగ్గించుకొని, ఉన్నదంతా దాచి, "నా దగ్గర ఏమీ లేదు, ఏం చేసుకుంటారో చేసుకోండి" అనేవాడు మాత్రం తన నష్టాన్ని బలహీనుని నెత్తిన దించుతున్నాడు.

ఇక, అన్న పేరు మీద పొలం మార్చే సంగతి. దీనికి ముందు ఆ నాలుగెకరాలు ఎవరివి అన్న ప్రశ్న ఉంది. నేను ఆ తల్లిని మళ్లీ అడిగితే, పొలం భర్త స్వార్జితమని, వీలునామా వ్రాయకుండానే పోయాడని, చిన్నవాడికి బ్యాంకు లోను కోసమని పాసుపుస్తకం అతని పేర మార్చారని చెప్పింది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయినవాని ఆస్తిలో మూడవ వంతు భార్యది. మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ సమానం. కొడుకనీ కూతురనీ తేడా లేదు. అంటే 400 సెంట్లలో ఆమెవి సుమారు 133 సెంట్లు. ముగ్గురు బిడ్డలకు ఒక్కొక్కరికి సుమారు 89 సెంట్లు. "కట్నం ఇచ్చాం కదా" అన్న మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. బ్రతికి ఉండగా ఇచ్చిన దానిని వారసత్వ వాటాలోంచి తీసివేయమని ఈ చట్టం చెప్పలేదు. అయితే చిన్నవాడు ఏ నాలుగెకరాలను అప్పులవాళ్లనుంచి కాపాడబోతున్నాడు? అందులో మూడెకరాలకు పైగా అతనిది కానేకాదు! కాపాడుకోవటానికి ముందు, తనది ఏదో తేల్చుకోవాలి. విదేశాల్లో ఉన్న అన్నదమ్ముల ఆస్తి పథకాలలో మొదట నష్టపోయేది చాలాసార్లు అప్పులవాడు కాదు, ఊళ్లో ఉన్న ఆడబిడ్డ.

ఒకవేళ అన్నీ తనవే అయినా, ఉత్తుత్తిగా అన్న పేర పెట్టటం మేలైన పని కాదు. విదేశంలో ఉన్నవారు పంటపొలాన్ని వారసత్వంగా పొందవచ్చు గాని, మామూలుగా కొనరాదు. అందుకని డబ్బు పంపి అన్నదమ్ముల పేర కొనేవారున్నారు. 1988 నాటి బినామీ చట్టానికి 2016లో కఠినమైన సవరణలు వచ్చాయి. ఆ ఆస్తిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు, ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు కూడా ఉంది. చట్టం సంగతి అలా ఉంచి, ఆ అన్నను గురించి ఆలోచించండి. "పేరు నీది, పొలం నాది" అని చెప్పి, మీరు అతని చేతిలో అబద్ధాన్ని పెడుతున్నారు. ఏళ్లు గడుస్తాయి. అతడు దున్నుతాడు, అతని కొడుకులు పెరుగుతారు, ధరలు పెరుగుతాయి. మమ్ము శోధనలో ప్రవేశింపనీయకుము అని రోజూ ప్రార్థించే మనం, తోడబుట్టినవాణ్ణి చేతులారా శోధనలోకి నెట్టవచ్చునా? గబాయేలులు లోకంలో ఉన్నారు. కాని ప్రతివాడూ గబాయేలు కావాలని బలవంతపెట్టే హక్కు మనకు లేదు.

ఇంటి వ్యవహారం చూడటానికి మనిషి కావాలంటే పవరాఫ్ అటార్నీ ఇవ్వండి. ఏ పనికి ఇస్తున్నారో అందులో వివరంగా వ్రాయండి. కౌలు వసూలుకు ఇచ్చేదానిలో అమ్మే అధికారం కలపవద్దు. విదేశంలో నోటరీ ముందు గాని, భారత కాన్సులేటులో గాని సంతకం చేసి పంపినదానికి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఇచ్చినవాడు మరణిస్తే అది మామూలుగా అక్కడితో ఆగిపోతుంది. కేవలం జనరల్ పవరాఫ్ అటార్నీతో భూమి అమ్మకం పూర్తికాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. తల్లిదండ్రులు బిడ్డలకు ఇల్లు వ్రాసి ఇచ్చేటప్పుడు, తమను చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే వ్రాయించాలి. ఆ షరతు తప్పిన బిడ్డనుంచి ఆస్తిని తిరిగి ఇప్పించటానికి 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షను ఉంది. తల్లి తనకోసం ఈ కాగితం అడిగితే బిడ్డలు నొచ్చుకోవద్దు. తోబీతును తలచుకోండి.

దాచుకోవటం వేరు, దాగుకోవటం వేరు. అమెరికాలో నివాసం ఉండి పన్ను కట్టేవారు, ఇక్కడి ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అక్కడి ప్రభుత్వానికి తెలియజేయాలి. 2015లో రెండు దేశాల మధ్య జరిగిన ఒప్పందం వల్ల మన బ్యాంకులు కూడా ఆ వివరాలు పంపుతున్నాయి. తిరిగి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు అక్కడి ఆస్తులను మన పన్ను లెక్కల్లో చూపాలి. నిజంగా రక్షణ కోసం చేసిన ఏర్పాటు వెలుగులో నిలబడగలదు. వెలుగు పడితే కూలిపోయేది రక్షణ కాదు.

కాబట్టి, ఏ పత్రం మీద సంతకం చేసేముందైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి: దీనివల్ల ఎవరు నన్ను అడగలేకపోతారు? మోసగాడా, నేను బాకీపడ్డవాడా? రెండు: ఏ సమయంలో చేస్తున్నాను? ఏ బాకీ, ఏ తగాదా లేని రోజున వేసిన తాళానికీ, తలుపు తడుతుండగా వేసిన తాళానికీ చాలా తేడా ఉంది. మూడు: ఈ ఏర్పాటు గురించి నా తల్లికీ, చెల్లెలికీ, అప్పిచ్చినవానికీ తల ఎత్తి చెప్పగలనా? మూడవదానికి "చెప్పలేను" అని జవాబు వస్తే, లాయరు ఎంత బాగుందన్నా ఆ కాగితాన్ని ప్రక్కన పెట్టండి. ఇప్పటికే సంతకం అయిపోయి ఉంటే, జక్కయ్య ఇంటిదారి మనకు తెరచే ఉంది. పాపసంకీర్తనంలో పశ్చాత్తాపపడటంతో పాటు, తీసుకున్నది తిరిగి ఇవ్వటం కూడా మన బాధ్యత.

మరుసటి ఆదివారం ఆ తల్లికి ఈ మాటలే చెప్పాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే ముందు మా అమ్మాయిని పిలవాలన్నమాట" అన్నది. ఆ రాత్రి కొడుకుకు ఫోను చేసిందట. అతడు మొదట కోప్పడ్డాడట, "నీకెవరు చెప్పారమ్మా ఇవన్నీ?" అని. రెండు రోజుల తరువాత తనే ఫోను చేసి, క్రిస్మసుకు వస్తానని, అందరూ కూర్చొని పొలం సంగతి మాట్లాడుకుందామని, అప్పటిదాకా ఏ కాగితమూ వ్రాయనని చెప్పాడట. ఏమి తేలుతుందో నాకు తెలియదు. మూడెకరాల పైచిలుకు వదులుకోవటం ఎవరికీ తేలిక కాదు. వారికోసం మీరూ ప్రార్థించండి.

ఈ వారం ఒకనాడు కుటుంబ జపమాల ముగిశాక, బీరువాలోని దస్తావేజులను ఒకసారి బయటకు తీయండి. ఏది ఎవరి కష్టంతో వచ్చిందో, ఏది ఎవరి పేర ఉందో, ఎవరికి ఎంత ఇవ్వవలసి ఉందో బిడ్డల ఎదుట చదవండి. తరువాత తాళం వేయండి.